గండం కాదండీ, అమ్మోనియా

ఆయన ఇంటి హాల్లో మూడడుగుల గాజు తొట్టె ఉంటుంది. వంద లీటర్ల నీళ్ళు, అడుగున నల్ల ఇసుక, నాలుగు మొక్కలు, పైన లైటు, పక్కన బుడబుడమంటూ ఫిల్టరు. అన్నీ ఉన్నాయి, చేప ఒక్కటీ లేదు. వచ్చినవాళ్ళు మర్యాదకొద్దీ వంగి, మొక్కల వెనకాల వెతికి, "సిగ్గుపడి దాక్కున్నట్టున్నాయండీ" అంటారు. "లేదండీ, ఇంకా వెయ్యలేదు" అంటాడాయన, ఏ మాత్రం సిగ్గుపడకుండా. తొట్టె కొని ఎన్నాళ్ళయిందంటే రెండు నెలలు దాటిందంటాడు. అక్కడితో ఆపి కాఫీ తాగి లేచినవాడు అదృష్టవంతుడు. "మరి ఎందుకు వెయ్యలేదు?" అని అడిగినవాడు ఆ పూట భోజనం కూడా అక్కడే చెయ్యాలి.

ఇలాంటి మనిషి ఇప్పుడు హైదరాబాదులో ప్రతి పెద్ద అపార్ట్‌మెంటుకీ ఒకడు తయారయ్యాడు. నలభై దాటిన వయసు, నెలనెలా జీతం, సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడకముందే హారన్ కొట్టే స్వభావం. ఆ మనిషే తొట్టె ముందు కుర్చీ వేసుకుని, కంటికి కనపడని జీవాల కోసం వారాల తరబడి ఎదురుచూస్తాడు.

మనవాళ్ళు చేపలు పెంచే పద్ధతి మీకు తెలియంది కాదు. పిల్లవాడి పుట్టినరోజుకి తొట్టె కొంటాం. "ఏం గాదు సార్, ఇయ్యాల నీళ్ళు వొయ్యుండ్రి, రేపు చేపలు ఎయ్యుండ్రి" అని కొట్టతను భరోసా ఇచ్చి, రెండు గోల్డ్‌ఫిష్‌లని కవర్లో కట్టిస్తాడు. మూడోరోజుకల్లా అవి పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి. పాపం ఆకలి కాబోలని ఇంకో చిటికెడు మేత వేస్తాం. వారం తిరక్కుండా ఒకటి వెల్లకిలా తేలుతుంది. "పోనీలే, మనింటి మీదికి రావలసిన గండం అది తీసుకుపోయింది" అంటుంది ఇంట్లో పెద్దావిడ. తొట్టె ఈశాన్యంలో లేకపోబట్టే అంటాడు పక్కింటాయన. ఆదివారం మళ్ళీ వెళ్ళి ఇంకో రెండు తెస్తాం. కొట్టతను మనల్ని చూడగానే కుర్చీ వేసేది ఊరికే కాదు.

ఆ గండం మాట వినపడితే మన పెద్దమనిషికి ఒళ్ళు మండుతుంది. "గండం కాదండీ, అమ్మోనియా!" అని లేచి నిలబడతాడు. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది. తినగా మిగిలిన మేత కుళ్ళితే మరికాస్త చేరుతుంది. చెరువులో దాని సంగతి చూసుకునే బ్యాక్టీరియా తరతరాలుగా కాపురముంటుంది, కొత్త గాజుపెట్టెలో ఎవరున్నారు? ముందు ఒక రకం వచ్చి అమ్మోనియాని నైట్రైటు చెయ్యాలి. అదీ విషమే. చేప రక్తాన్ని గోధుమరంగుకి తిప్పేస్తుంది, నీళ్ళనిండా ఆక్సిజన్ ఉన్నా చేపకి ఊపిరాడదు. రెండో రకం వచ్చి దాన్ని నైట్రేటు చేస్తే గండం గట్టెక్కినట్టు (ఈ మాట నాది, ఆయన వింటే ఊరుకోడు). నైట్రేటుని అప్పుడప్పుడు కాసిని నీళ్ళు మార్చి వదిలించుకోవచ్చు. అయితే వీటికి తొందర లేదు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై పరిస్థితులు కలిసొస్తే 20 నిమిషాలకే రెట్టింపవుతుంది, వీటికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు పడుతుంది. కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ చేపని విషంలో ఈదించే బదులు, తానే అమ్మోనియా పోసి బ్యాక్టీరియాని మేపుకుంటున్నానంటాడు. చెప్పేదాంట్లో ఒక్క తప్పూ ఉండదు. ఆయనతో వచ్చిన చిక్కే అది.

"రెండో రకం నైట్రోబ్యాక్టరేగా?" అని చదువుకున్న పాఠం ఒప్పజెప్పారో, చిక్కారన్నమాటే. మంచినీటి తొట్టెల్లో ఆ పని చేసేది నైట్రోస్పైరా అని 1998లోనే తేల్చారనీ, ఆ నైట్రోస్పైరాల్లోనే రెండు పనులూ ఒంటిచేత్తో చక్కబెట్టేవి ఉన్నాయని 2015లో బయటపడిందనీ చెబుతాడు. ఈ రెండో కబురు చెప్పేటప్పుడు గొంతు కాస్త బొంగురుపోతుంది.

పొద్దున్నే పరీక్ష. చిన్న గాజుగొట్టంలో తొట్టె నీళ్ళు పట్టి, మందు చుక్కలు లెక్కపెట్టి వేసి, అయిదు నిమిషాలాగి రంగు చూడాలి. నైట్రేటు మందులో రెండో సీసాని ముందు 30 సెకన్లు దబదబా ఊపాలి, తరవాత గొట్టాన్ని ఇంకో నిమిషం ఊపాలి. ఆ ఊపుడికి కింది ఫ్లాటువాళ్ళు అలారం పెట్టుకోవడం మానేశారు. ఇంతా చేసి రంగుల దగ్గర ఆయన చూపు ఆనదు. కిటికీ దగ్గర తెల్లకాగితం ముందు గొట్టం పట్టుకుని "ఏమోయ్, ఒకసారి రా" అని పిలుస్తాడు. ఆవిడ చీరల కొట్లో రాటుదేలిన మనిషి, వంటింట్లోంచి తొంగిచూసి తేల్చేస్తుంది. "అమ్మోనియా నిన్న చిలకపచ్చండీ, ఇవాళ నిమ్మపండు రంగుకి దిగింది. ఆ రెండోది ఆకాశనీలం ఎక్కడండీ, శుద్ధ వంగపండు. మూడోది కనకాంబరం." ఆయన నోటుబుక్కులో అంకెలు వేసుకుంటాడు. అమ్మోనియా సున్నా, నైట్రైటు 5, నైట్రేటు 20. చీరలు కొనే అలవాటు ఒక శాస్త్రానికి ఉపయోగపడటం నేను చూడ్డం ఇదే మొదలు.

అసలు కథ రొయ్య దగ్గర జరిగింది. మొదట్లో ఆయన అమ్మోనియా కోసం పచ్చిరొయ్యని గుడ్డలో మూటగట్టి తొట్టెలో వేలాడదీశాడు. అది కుళ్ళాలి, అదీ పద్ధతి. ఆ రొయ్య భీమవరం నుంచి అత్తగారు ఇగురు కోసం ఐసుపెట్టెలో పెట్టి పంపింది. నాలుగోరోజున, హాలు ముక్కు మూసుకునే స్థితికి వచ్చాక, అత్తమామలు స్వయంగా దిగారు. అల్లుణ్ణి అనకూడదు కాబట్టి అత్తగారు వంటింట్లోకెళ్ళి గిన్నెల్ని అంది. మామగారు మాత్రం తొట్టె ముందు నిలబడిపోయాడు. ఆయనకి వెనామీ చెరువులున్నాయి.

"ఏవండీ అల్లుడుగారూ, అక్కడ చెరువులో అమ్మోనియా పెరక్కుండా నేను రాత్రింబగళ్ళు ఏరియేటర్లు తిప్పించి, బెల్లంతో ప్రోబయోటిక్ పులియబెట్టి చల్లించి, సీసాలో నీళ్ళు పట్టుకుని ల్యాబుల చుట్టూ తిరుగుతున్నానండి. తమరేమో రొయ్యనే కుళ్ళబెట్టి మరీ అమ్మోనియా తయారుచేయిస్తున్నారా?"

"అదికాదు మావయ్యగారూ, మీ చెరువులో నైట్రైటు ఎంతుంటుంది?"

అంతే. ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. రాత్రి పన్నెండింటికి అన్నం చల్లారిపోయిందని పిలిస్తే, పీహెచ్ పెరిగితే అమ్మోనియా విషం ఎలా పెరుగుతుందో కాగితం మీద గీసుకుంటున్నారు. "ఒక్కరే అనుకున్నానమ్మా" అంది ఆవిడ వాళ్ళమ్మతో. అప్పటినుంచి మామగారు ఫోన్ చేస్తే మనవళ్ళ సంగతి రెండో ప్రశ్న. మొదటిది "దిగిందాండీ?"

వాసన భరించలేక రొయ్య పోయి నవాసారం వచ్చింది. అమ్మోనియం క్లోరైడ్ అన్నమాట, కళాయి పూసేవాళ్ళు వాడేదే. సారా కాసేవాళ్ళూ కొంటారేమో, కొట్టువాడు ఈయన్ని ఎగాదిగా చూశాడట.

ఇక నీళ్ళు. "ఇవాళ సంపులోకొచ్చింది కృష్ణా నీళ్ళా, బోరా, ట్యాంకరా?" అని రోజూ వాచ్‌మన్‌ని నిలదీస్తాడు. "నీళ్ళే సార్" అంటాడతను. మునిసిపల్ నీళ్ళల్లో క్లోరిన్ ఉంటుంది, అది బ్యాక్టీరియాని చంపుతుంది, విరుగుడు చుక్కలు వెయ్యాలి. జుట్టు ఊడుతోందని అపార్ట్‌మెంటంతా తిట్టుకునే బోరు నీళ్ళని మెచ్చుకునేవాడు ఈయనొక్కడే. ఆ గట్టినీళ్ళల్లో ఉండే క్షారం ఆయన బ్యాక్టీరియాకి కావాలట. కరెంటు పోతే ఇన్వర్టర్ ఫిల్టరుకే, చివరి ఓవర్లో టీవీ ఆగిపోయినా సరే. గాలి అందకపోతే బ్యాక్టీరియా చస్తుంది, మ్యాచి రేపు పేపర్లో చదువుకోవచ్చు.

ఇంత జాగ్రత్త పడ్డ మనిషికీ దెబ్బ తగిలింది. బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండదు, ఫిల్టరు స్పాంజిని పట్టుకుని ఉంటుంది. పాత స్పాంజి ముక్క దొరికితే పాలల్లో తోడు వేసినట్టే, పని ఇట్టే అవుతుంది. అంతటి స్పాంజిని, మురికి పట్టి అసహ్యంగా ఉందని, పనమ్మాయి ఓ ఉదయం గిన్నెల సబ్బు పెట్టి తోమి, కుళాయి కింద జాడించి, బాల్కనీలో ఎండకి ఆరేసింది. అయిదు వారాల బ్యాక్టీరియా. ఆ అమ్మాయిని ఒక్క మాట అనలేదు. ఆఫీసుకి సెలవు పెట్టాడు. రెండు నెలలు దాటడానికి కారణం ఇదీ.

చివరికి ఒక సాయంత్రం పోసిన 2 పీపీఎం అమ్మోనియా మర్నాటి సాయంత్రానికి మాయమైంది, నైట్రైటూ లేదు. నిమ్మపండు, ఆకాశనీలం. సిద్ధమన్నమాట. అయినా ఇంకో వారం చూద్దామన్నాడు. కూతురు అన్నం మానేస్తానని బెదిరిస్తే సగానికి పైగా నీళ్ళు మార్చి, గట్టినీళ్ళు తట్టుకుంటాయని ఆరు మోలీలు తెచ్చాడు. అవి హాయిగా తిరుగుతున్నాయి. కూతురు ఆరింటికీ పేర్లు పెట్టింది, ఆయనకి ఒక్కటీ గుర్తులేదు. ఎవరైనా చేపల్ని మెచ్చుకుంటే "అవి సరేలెండి, ఇలా రండి" అని ఫిల్టరు మూత తీసి చూపిస్తాడు.

ఇప్పుడాయన హోదా పెరిగింది. మూడో అంతస్తు కుర్రాడు కొత్తగా తొట్టె కొని, స్పాంజి ముక్క అడగడానికి వచ్చాడు. ఇన్వర్టరుందా, పనమ్మాయి ఎవరు, సంపులో బ్లీచింగ్ ఎప్పుడు వేస్తారు అని పెళ్ళివారికి మించి ఆరా తీశాక, ఒక ముక్క కత్తిరించి, తొట్టె నీళ్ళే పోసిన డబ్బాలో పెట్టి రెండు చేతులా అందించాడు.

"చేపలు ఎప్పుడు వెయ్యొచ్చంకుల్?"

"ముందెళ్ళి ఓ నోటుబుక్కు కొనుక్కో నాయనా."