ఆకు పండేదాకా ఆగండి

నన్ను చూసినవాళ్లు మొదట ఉల్లిపాయ అనుకుంటారు. పోలిక ఊరికే రాలేదు. ఉల్లి, వెల్లుల్లి, నేను ఒకే కుటుంబం వాళ్లం. వృక్షశాస్త్రంలో ఆ కుటుంబం పేరు అమరిల్లిడేసి. కానీ నన్ను కూరలో వేసుకుంటే మాత్రం వాంతులు, కడుపునొప్పి తప్పవు. నేను డాఫడిల్ దుంపని. మా రకం పేరు టేట్-ఆ-టేట్. మహా అయితే జానెడు ఎత్తు పెరుగుతాం. ఒక్కో కాడకు తరచు రెండు మూడు పసుప్పచ్చటి పూలు పూస్తాం. న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో, ఒక తెలుగువాళ్ల పెరట్లో నా కాపురం.

నాకు పుట్టినరోజంటూ లేదు. 1940లలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో అలెక్ గ్రే అనే ఆయన మా రకాన్ని తీశారు. మేం విత్తనం కట్టం. తల్లి దుంప పక్కన పిల్ల దుంప ఊరి, విడిపోయి, మళ్లీ తల్లి అవుతుంది. అంటే ఈ భూమ్మీద ఉన్న మా రకం దుంపలన్నీ ఆ మొదటి మొక్క ముక్కలే. నేను విడిపడింది నెదర్లాండ్స్‌లో, హార్లెం, లైడెన్ ఊళ్ల మధ్య ఇసుక నేలలో. అప్పటికింకా అమ్మకానికి తగినంత లావు లేను. అందుకని నన్ను తవ్వి, ఆరబెట్టి, మళ్లీ నాటేముందు దాదాపు 44 డిగ్రీల వేడినీళ్లలో మూడు గంటలు ఉంచారు. మా లోపల దూరే నులిపురుగు ఆ వేడికి చస్తుంది. మేం బతుకుతాం. వందేళ్ల కిందట ఆ పురుగు ఇంగ్లండ్ డాఫడిల్ తోటల్ని తుడిచిపెట్టబోతుంటే, విస్లీ తోటలో పనిచేసే జేమ్స్ రామ్స్‌బాటమ్ 1917 నాటికి ఈ వైద్యం కనిపెట్టారు. ఆయన పుణ్యమే నా బతుకు.

మరో ఏడాది పెరిగాక వల సంచీలో సముద్రం దాటాను. అక్టోబరులో ఎడిసన్‌లోని ఈ ఇంటి అమ్మాయి నన్ను కొని తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. దుగ్గిరాల నుంచి అప్పుడే వచ్చిన వాళ్లమ్మ ఆ సంచీ అందుకుంది.

"అమ్మా, అవి ఉల్లిపాయలు కాదు, పూల దుంపలు. విషం."

"మరి పొయ్యి పక్కన పెడతావేంటే, పిల్లలు తిరిగే ఇంట్లో!"

పెద్దావిడ మందలింపు న్యాయమే. వంటగదిలో మాకు చోటు ఉండకూడదు. ఆ వారంలోనే మమ్మల్ని పెరట్లో ఆరంగుళాల లోతున, మొన పైకి ఉండేలా నాటారు.

"మంచు పడబోయే ముందు ఎవరైనా నాట్లు వేస్తారా?" అని పెద్దావిడ ఆశ్చర్యపోయింది. గోదావరి, కృష్ణా నీళ్లు తాగిన నేలలో పెరిగినవాళ్లకు ఆ అనుమానం సహజం. కానీ చలే నాకు ఆధారం. నన్ను నాటేనాటికే నా పొరల నడుమ మొగ్గ తయారై ఉంది. ముందటి ఎండాకాలంలోనే అది రూపు కట్టింది. శరత్తులో నేల ఇంకా కాస్త వెచ్చగా ఉండగానే వేళ్లు దించుకుంటాను. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు ఎడతెగని చలి తగలాలి. అది చాలకపోతే కాడ సాగదు, మొగ్గ లోపలే ఎండిపోతుంది. పోయేటప్పుడు నాలుగు దుంపలు ఊరికి పట్టుకెళ్దామని పెద్దావిడ ముచ్చటపడింది గానీ, దుగ్గిరాల పెరట్లో నేను పూయలేను. అక్కడ లిల్లీ దుంపలున్నాయి, మీరు నేలసంపెంగ అనే పువ్వు. అదీ మెక్సికో నుంచి వచ్చిన పరాయిదే. కానీ దానికి మీ ఎండ సరిపడింది, నాకు ఇక్కడి చలి సరిపడింది.

ఒక రోజు ఉడత వచ్చి నేల గోకింది. పక్కనున్న క్రోకస్, తులిప్ దుంపల్ని తవ్వుకుపోయింది, నన్ను మాత్రం ముట్టలేదు. జింకలు కూడా మా జోలికి రావు. నాలోని లైకోరిన్ లాంటి చేదు విషాలే నాకు కాపలా. ఆ జాతి పదార్థాల్లోనే గాలంటమిన్ అనేది ఒకటుంది. డాఫడిల్ దుంపల నుంచి కూడా దాన్ని తీస్తారు. అల్జీమర్స్‌తో మతిమరుపు వచ్చినవాళ్లకు దాన్ని మందుగా వాడటానికి అమెరికాలో 2001లో అనుమతి దొరికింది.

ఫిబ్రవరిలో మంచు కరగకముందే స్నోడ్రాప్‌లు తెల్లగా తల వంచుకుని వచ్చాయి. తర్వాత మిగిలిన క్రోకస్‌లు వచ్చాయి. మార్చి చివర మా వంతు. ఒక రాత్రి మళ్లీ మంచు కురిసి విచ్చిన పూలన్నీ వాలిపోతే, ఇక అయిపోయాయని ఇంట్లోవాళ్లు బాధపడ్డారు. మంచు కరగ్గానే కాడలు నిలబడ్డాయి. ఉగాది పొద్దున పెద్దావిడ దేవుడికని మా పూలు కోసుకెళ్లింది. కోస్తే నాకు నష్టమేమీ లేదు. కాడలోని జిగురు చేతికంటితే దురద పుడుతుంది గనక చేతులు కడుక్కుంటే చాలు.

అసలు గండం పూలు రాలిపోయాక వచ్చింది. ఏప్రిల్‌లో ఇంటాయన గడ్డి కోసే మిషన్ బయటికి తీశాడు.

"అత్తయ్యగారూ, పూలైపోయాయి కదా, ఈ ఆకులు కూడా గడ్డితోపాటు తీసేస్తాను."

"ఆగండి బాబూ. ఆకు పచ్చగా ఉండగా మేం పసుపు తవ్వుతామా? ఆకు పండి వాలితేగాని చేలోకి గునపం పోదు. దుంప ఏదైనా దుంపే."

మిషన్ ఆగింది. పసుపు పండించే ఊరి మనిషి కాబట్టి ఏ పుస్తకమూ చూడకుండానే నా ప్రాణం ఎక్కడుందో చెప్పగలిగింది. ఆ ఆకులే నాకు వంట చేసిపెట్టేవి. ఎండలో అవి వండిన చక్కెర కిందికి దిగి నా పొరల్లో పిండిపదార్థంగా నిలవవుతుంది. ఆ నిలవతోనే వచ్చే ఏటి మొగ్గ కడుతుంది. పూలు వాడాక కనీసం ఆరు వారాలు ఆకుల్ని వదిలెయ్యాలి. చూడ్డానికి చిందరవందరగా ఉన్నాయని జడ అల్లినా, రబ్బరు బ్యాండు వేసినా వాటికి వెలుతురు అందదు. పచ్చగా ఉండగానే కోసేస్తే మరుసటేడు ఉత్త ఆకులే వస్తాయి, పువ్వు రాదు. వసంతం రాగానే పూలు పూశాయని మీరంటారు. నిజానికి అది కిందటేడు ఆకు సంపాదించిపెట్టిన పువ్వు. పెరట్లో అందంగా ఉన్న వారం పది రోజుల్లో నేను ఖర్చుపెడతాను, ఎవరూ నావైపు చూడని వారాల్లో కూడబెడతాను.

మే నెలలో నా ఆకులు పసుప్పచ్చబడి వాలిపోయాయి. ఇప్పుడు నా పక్కన పిల్ల దుంపలు ఊరుతున్నాయి. మూడు నాలుగేళ్లలో ఇరుకై పూలు తగ్గుతాయి. అప్పుడు ఆకులెండాక తవ్వి, విడదీసి, నలుగురికీ పంచాలి. పంచడం మా చరిత్రలోనే ఉంది. 2001 సెప్టెంబరు 11 తర్వాత న్యూయార్క్ ప్రజలు చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా పార్కుల్లో, వీధుల్లో నాటింది డాఫడిల్ దుంపల్నే. వాటికోసం ఒక డచ్చి వ్యాపారి లక్షల దుంపల్ని ఉచితంగా పంపాడు. 2007లో డాఫడిల్ ఆ నగరపు అధికారిక పుష్పమైంది.

మీరు కూడా పంచండి. దుంప చేతిలో పెట్టేటప్పుడు మూడు మాటలు చెప్పండి: ఇది తినేది కాదు, పువ్వు కోసుకోండి, ఆకును మాత్రం పండనివ్వండి.