స్పానర్ పట్టిన సమీక్షకుడు

ఆలూరులో ఏ సినిమా ఎట్లుందో తెలుసుకోవాలంటే పేపరు తిరగేయనక్కరలేదు. మోటార్ వైండింగ్ అంగడికి పోతే చాలు. ఆలూరనే ఏముంది, ఆదోని, పత్తికొండ, గుంతకల్లు, ఎక్కడ చూసినా ఇట్లాంటి అంగడి ఒకటుంటుంది, అందులో ఇట్లాంటి మామ ఒకడుంటాడు. వార్నిష్ డబ్బాకు ఫోను ఆనించి ఉంటుంది. కళ్లు అందులో, చేతులు బోరు మోటారులో. స్టేటర్ గాళ్లలోకి రాగితీగ దూరుస్తూ, పెదాల మీద చుట్లు లెక్కపెడుతూ, మధ్యమధ్యలో హీరోను తిడుతుంటాడు. లెక్క మాత్రం తప్పడు. తప్పితే మోటారు మళ్లీ కాలుతుంది, రైతు మళ్లీ వస్తాడు, ఈసారి ఊరికే రాడు.

ప్రేమకథలు, కొట్లాటలు ఈయనకు పట్టవు. ఏదైనా కనిపెట్టినోడి మీద సినిమా వస్తే మాత్రం వదలడు. భాష రాకపోయినా పర్వాలేదు, పనిముట్లు కనబడితే అర్థమైపోతుందంటాడు.

అట్లా ఆశపడి చూసిందే ‘హవాయీజాదా’. 2015 జనవరి 30న వచ్చిన హిందీ సినిమా, దర్శకుడు విభు పురి, హీరో ఆయుష్మాన్ ఖురానా. కథ శివకర్ బాపూజీ తల్పడేది. రైట్ సోదరుల కంటే ఎనిమిదేళ్లు ముందు, 1895లో, బొంబాయి చౌపాటీ ఇసుకలో ఈయన మనిషి లేని విమానాన్ని లేపాడని చెప్పుకుంటారు. గట్టి ఆధారమైతే లేదు. లేకపోతేనేం, హాస్యానికి ఇంతకన్నా మంచి ముడిసరుకు దొరుకుతుందా? దొరికిన సరుకును సెట్టింగులకు, పాటలకు ధారపోశారు. సినిమా ఆడలేదు.

మామ తీర్పు అరగంటకే వచ్చేసింది. “ఇంజనేది అప్పా? తాగుతాండాడు, పాడతాండాడు, నాట్యగత్తె ఎనకాల తిరుగుతాండాడు. చేతికి ఇంత గ్రీజన్నా అంటలే! నవ్విద్దామనుకున్నోడు ఆ రెక్క ఎన్నిసార్లు ఇరిగిందో సూపియ్యాల గదా?”

ఈ మాట తీసిపారేసేది కాదు. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం మొదటిసారి లేచింది 12 సెకన్లు, పోయింది 120 అడుగులు. ఆ రోజు నాలుగుసార్లు ఎగిరాక గాలికి పల్టీ కొట్టి ముక్కలైంది కూడా. కనిపెట్టినోడి బతుకులో నవ్వంతా ఆ పల్టీల్లోనే ఉంటుంది. దాన్ని వదిలేసి విడిగా కామెడీ రాసుకుంటే నవ్వు ఎక్కడినుంచి వస్తుంది?

మామకు నచ్చిందీ ఉంది, ‘మల్లేశం’. 2019లో ప్రియదర్శి వేసింది. ఆలేరు దగ్గర శారాజీపేట చేనేత ఇంట్లో తల్లి నూలు చుడుతూ ఆసు పోస్తుంటుంది. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. భుజాలు పడిపోతాయి. ఆ బాధ చూడలేక చింతకింది మల్లేశం 1992లో ఆసు పోసే యంత్రం మొదలుపెట్టాడు, 1999 దాకా అది పూర్తి కాలేదు. చివరి చిక్కు హైదరాబాదు బాలానగర్‌లో విడింది. కరెంటు పనికి పోయినచోట ఒక యంత్రం కదలిక చూసి పట్టేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇదంతా విన్నాక మామ అడిగింది ఒకటే: “కరెంటు పనోడేనా?” ఆ తర్వాత వారం రోజులు అంగడికి వచ్చినోళ్లందరికీ పద్మశ్రీ తన ఇంటికే వచ్చినట్టు చెప్పాడు. తొమ్మిదివేల లెక్క ఆయనకు బాగా తెలుసు మరి. చుట్టేవాడికే కదా చుట్ల బరువు.

బెంగళూరులో చదివే పిల్లోడొకడు సెలవులకొచ్చి అసలు సంగతి విప్పాడు. ‘హవాయీజాదా’లో మిథున్ చక్రవర్తి వేసిన గురువు సుబ్బరాయశాస్త్రి కల్పన కాదు, నిజంగా ఉన్న మనిషే. వైమానిక శాస్త్రమనే గ్రంథాన్ని భరద్వాజ మహర్షిదంటూ ఆయన నోటితో చెబితే రాసుకున్నారు. రాత మొదలైంది 1918లో. అప్పటికే మొదటి ప్రపంచయుద్ధంలో విమానాలు బాంబులు వేసేసి ఉన్నాయి! 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు ఐదుగురు కూర్చుని, ఆ పుస్తకంలోని బొమ్మలకు లెక్కలు కట్టారు. రుక్మ, శకున, సుందర, త్రిపుర విమానాల్లో ఏ ఒక్కటీ ఎగరదనీ, చెప్పినాయనకు విమానం ఎట్లా ఎగురుతుందో బొత్తిగా తెలియదనీ తేల్చారు.

మామ తీగ పక్కనపెట్టాడు. అంగడి చరిత్రలో ఇది అరుదైన ఘట్టం.

“ఐదు మంది ఇంజనీర్లు కూకొని, ఎగరని ఇమానం ఎందుకు ఎగరదో లెక్కేసినారా? ఓయబ్బ! తీయాల్సింది వాళ్ల మీద గదప్పా సినిమా!”

వెంటనే వేషాలు పంచడం మొదలైంది. పెద్దాయన రాజేంద్రప్రసాద్. రెక్కల లెక్క బ్రహ్మానందం. ఇంజను చూసేది వెన్నెల కిశోర్. నాలుగోది సునీల్. ఐదో మనిషి దగ్గర ఆగిపోయాడు.

పొద్దున్నుంచి ఉగ్గాని, బజ్జీ తిని, రెండు టీలు తాగి, స్టూలు మీద కాచుకునున్న రైతు గొంతు సవరించుకున్నాడు. “మామా, నా మోటారు...”

“ఐదో ఏషం నీదేలేప్పా,” అన్నాడు మామ. “కూకో.”