గెనుసుగడ్డ సాక్షిగా

మా ఆవిడకు నేను చెప్పిన అబద్ధాలు రెండే రెండు. మొదటిది పెండ్లిచూపుల్లో జీతం గురించి. అది వారంలో బయటపడింది. రెండోది డేలియా గడ్డల ధర గురించి.

ఊటీలో పళ్లెమంత డేలియా పువ్వును చూసి మనసు పారేసుకున్నాను. గడ్డ నూటయాభై చొప్పున ఆరు కొన్నాను. ఇంట్లో మాత్రం "ఆరూ కలిపి ఇరవై రూపాయలే" అన్నాను. 1791లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త ఆండర్స్ డాల్ పేరు మీద ఈ మొక్కకు నామకరణం చేశారట. డాల్ అన్నప్పుడే నాకు వంటింటి వాసన తగలాల్సింది.

మెక్సికో కొండల మొక్క ఇది. చలిదేశాలవాళ్లు మంచుకు చస్తుందని గడ్డ తవ్వి ఇంట్లో దాచుకుంటారు. మా తిరుపతిలో దాన్ని చంపడానికి ఎండ చాలు. అందుకే అక్టోబరులో కుండీల్లో నాటి, మిద్దె మీద షేడ్ నెట్ కట్టాను.

"పడకగదికి ఏసీ అంటే కరెంటు బిల్లన్నారు. గడ్డలకు పందిరా?" అంది ఆవిడ.

మొలక రాకముందు నీళ్లెక్కువైతే గడ్డ కుళ్లిపోతుంది. నేను జాగ్రత్తగానే పోశాను. నవంబరు వాయుగుండానికి ఆ జాగ్రత్త లేదు. వానలో కుండీలకు గొడుగు పట్టుకుని నిలబడితే, ఎదురు మిద్దె పెద్దాయన "ఏం నాయనా, మొక్కుబడా?" అని అడిగాడు. చివరికి నాలుగు బతికాయి. శివరాత్రికి ఒక్క పువ్వు పూసింది, చేమంతి అంత.

ఆకులు పండాక గునపం పట్టాను. తిరుమలలో తోట వేసిన అనంతాళ్వారు గునపం ఇప్పటికీ మహాద్వారం దగ్గర వేలాడుతూ ఉంటుంది. ఆయన గునపం స్వామి గడ్డానికి తగిలిందని కథ. నాది గడ్డలకే తగిలింది. కాడ మొదట్లో ఉండే కన్ను లేకపోతే గడ్డ మళ్లీ మొలవదు. ఆ సంగతి తెలియక కాడలన్నీ కోసేసి, గడ్డలు నున్నగా కడిగి, ఇసుకబుట్టలో పెట్టి వంటింటి మూల చల్లగా దాచాను.

కత్తెర ఎండల్లో ఒక సాయంత్రం పళ్లెంలో ఉడికించిన గెనుసుగడ్డలు వచ్చాయి. రెండు తిని మూడోది నోట్లో పెట్టుకున్నాను.

"ఏమే, ఈసారి గెనుసుగడ్డలు చప్పగా ఉండాయే?"

"ఇసుకబుట్టలోవే. మీరు తెచ్చినవే కదా?"

మెక్సికోలో పూర్వం వీటిని వండుకునే తినేవాళ్లట. ఆ లెక్కన తప్పు ఆమెది కాదు. కక్కలేక మింగలేక అంటే ఏందో మాత్రం ఆ రోజు తెలిసింది.

"అయ్యో, కండ్లల్లో ఆ నీళ్లేంది?" అంది ఆవిడ. "ఇరవై రూపాయల గడ్డలకు!"