బడి వార్త తయారుచేయు విధానం

16,347 పోస్టులకు 2025లో జరిగిన మెగా డీఎస్సీలో మీకొకటి వచ్చింది. తెలుగు సారుగా చేరారు. స్టాఫ్‌రూములో ఫ్యాను కింద కుర్చీ ఒకటి ఖాళీగా కనిపిస్తే కూర్చున్నారు. కాసేపటికి హెడ్‌మాస్టరు వచ్చి, "సార్, మీది తెలుగే కదా, ఇంక మన బడి పేపరు వార్తలన్నీ మీరే చూసుకోండి" అన్నారు. ఫ్యాను కింది కుర్చీ ఎందుకు ఖాళీగా ఉందో అప్పటికి గాని మీకు తెలియలేదు.

ఆ కుర్చీ నాది. ఆదోని వైపున్న మా మండలం చదువు సంగతులు ఇరవై రెండేళ్లు అందులో కూర్చునే లోకానికి తెలియజేశాను. రిటైరై వచ్చేటప్పుడు బీరువా తాళం ఇచ్చాను గాని, దానికంటే ముఖ్యమైన మెళకువలు చెప్పడం మరిచాను. ఇప్పుడు చెబుతాను, రాసుకోండి.

బడిలో జరిగేది వార్త కాదు. బడికి ఎవరైనా వస్తే వార్త. పిల్లలు రోజూ వస్తారు కాబట్టి వాళ్లను ఇందులో కలపకండి. ఎంఈవో వస్తే నాలుగు వాక్యాలు, జిల్లా అధికారి వస్తే ఫొటోతో సహా ఎనిమిది. మంత్రిగారి కారు మీ ఊరి మీదుగా వేరే ఊరికి వెళ్తే, రోడ్డు పక్కన నిలబడి చేతులూపిన పిల్లల గురించి కూడా రాయవచ్చు. ఎవరూ రాని వారం ఉంటుంది. భయపడకండి, దానికోసమే దినోత్సవాలున్నాయి. సెప్టెంబరు 5 ఉపాధ్యాయులది, అక్టోబరు 15 చేతులు కడుక్కోవడానిది, నవంబరు 14 పిల్లలది, నవంబరు 26 రాజ్యాంగానిది, డిసెంబరు 22 లెక్కలది, ఫిబ్రవరి 28 సైన్సుది. చేతులు కడుక్కునే రోజున కుళాయిలో నీళ్లు రాకపోతే బాటిల్ నీళ్లతో ఎంఈవో చేత ఒక పిల్లవాడి చేతులు కడిగిస్తే చాలు. మిగతా రెండు వందల మంది అవగాహన పొందుతారు.

ఆగస్టు 29 మీకు ప్రత్యేకం. గిడుగు రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోట్లాడిన మనిషి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించిన మనిషి. ఆయన గురించి రాసేటప్పుడు ఆయన కోరిన భాషలో రాయకండి. "జయంతిని పురస్కరించుకొని చిత్రపటానికి పూలమాల వేసి ఘన నివాళులర్పించడం జరిగినది" అని రాయండి. ఇరవై రెండేళ్లూ నేను అలాగే రాశాను. ఒక్క ఏడాది మాత్రం "పటానికి దండ వేశాం" అని పంపాను. డెస్కు వాళ్లు దిద్ది వేశారు.

భాష దగ్గరికే వచ్చాం కనుక క్రియల సంగతి కూడా చెబుతాను. "అన్నారు" అనే మాట ఎన్నడూ వాడకండి, అది చందమామ కథలకు. వార్తలో మనుషులు హోదాను బట్టి నోరు తెరుస్తారు. ఉపాధ్యాయులు వివరిస్తారు. సర్పంచి సూచిస్తారు. ఎంఈవో ఆదేశిస్తారు. ఎమ్మెల్యే పిలుపునిస్తారు. దాత ఏమీ మాట్లాడక్కర్లేదు, ఆయన్ని అందరూ కొనియాడతారు. పిల్లలు కూడా ఏమీ అనరు, ఆకట్టుకుంటారు. ఇక "ఘనంగా" అన్నది ఉప్పులాంటిది. మూడు కానుగ మొక్కలు నాటినా ఘనంగానే నాటాలి.

పేర్ల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. మన రాష్ట్రంలో మండలాలు 1985లో వచ్చాయి, పత్రికల జిల్లా పేజీలు 1989 నుంచి మొదలయ్యాయి. ఈ రెండూ కలిసిన నాటినుంచి ప్రతి మండలంలోనూ పేపర్లో పేరు చూసుకోవలసిన మనుషులు తయారయ్యారు. ఒక ఎంఈవో ఉన్న రోజుల్లో పని తేలిక. ఇప్పుడు ఎంఈవో-1, ఎంఈవో-2 ఉన్నారు. అంకెల వరుసలో రాస్తే రెండోవారికి కష్టం, అక్షరాల వరుసలో రాస్తే మొదటివారికి కష్టం. ఒక వారం ఇలా, ఒక వారం అలా రాసి నెట్టుకొచ్చాను. నా సర్వీసు రెండో ఏడు ఒక ఉపసర్పంచి పేరు జారిపోయింది. మర్నాటి నుంచి బడి ట్యాంకుకు నీళ్లు వదలడం జారిపోయింది. అప్పటినుంచి పేర్లు రాశాక చివర "తదితరులు పాల్గొన్నారు" అని పెట్టడం నేర్చుకున్నాను. తెలుగులో ఇంత ప్రాణరక్షక పదం ఇంకోటి లేదు. మనం మరిచిన ప్రతివాడూ అందులో తన పేరు చదువుకుంటాడు. వంట చేసిన ఆయమ్మ కూడా అందులోనే ఉంటుంది, ఆమెకు ఆ సంగతి తెలియదు.

ఫొటో తీయడం ఒక విద్య. ఎవరి చేతులూ ఖాళీగా ఉండకూడదు, ఇది గుర్తుంచుకోండి. ఒక నోటుపుస్తకం పంచితే ఆరుగురు పెద్దలు దాని నాలుగు అంచులూ పట్టుకోవాలి. అంచు దొరకని ఇద్దరు పట్టుకున్నవారి మోచేతులు పట్టుకోవాలి. పుచ్చుకునే పిల్ల కింద ఎక్కడో ఉంటుంది, రిబ్బను కనపడితే చాలు. జూన్ 12న బడి తెరిచాక నమోదు ర్యాలీ తీస్తారు కదా, బ్యానరు ముందు పట్టించండి. ర్యాలీకి ఎదురుగా ప్రైవేటు బడి పచ్చ బస్సు వస్తే పిల్లల్ని పక్కకు జరిపి దానికి దారివ్వండి, అది వెళ్లాకే తీయండి. నేను ఒకసారి తొందరపడ్డాను. బ్యానరు కంటే బస్సు మీది పేరే బాగా కనపడింది.

పాత వార్తలు పారేయకండి. పథకాలకు పేర్లు మారతాయి గాని పనులు మారవు. 2020లో గోరుముద్ద అని రాసినచోట ఇప్పుడు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అని రాయాలి. విద్యా కానుక అన్నచోట విద్యార్థి మిత్ర, అమ్మ ఒడి అన్నచోట తల్లికి వందనం. నా కంప్యూటర్లో అన్నీ ఉన్నాయి, పేరు మార్చుకుని పంపడమే. గుడ్డు అప్పుడూ గుడ్డే, ఇప్పుడూ గుడ్డే. సీతమ్మ పేరు పెట్టడం మాత్రం నాకు నచ్చింది. గోదావరి లంకల్లో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన ఇల్లాలు. అయితే ఆమె ఏ పత్రికకూ ప్రకటన పంపిన దాఖలా లేదు, మనకు నమూనాగా పనికిరాదు.

అంకెలు వాడేటప్పుడు పైన ఉన్నది రాయండి, కింద ఉన్నది రాయకండి. పదో తరగతిలో నూరు శాతం అని రాయండి, రాసింది తొమ్మిది మంది అని రాయకండి. పక్క ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒకే ఒక్క టీచరమ్మ ఐదు తరగతులు చెబుతుంది. 2024-25 యూడైస్ లెక్కల్లో ఇలాంటి ఏకోపాధ్యాయ బడులు మన రాష్ట్రంలో 12,912, దేశంలో మనదే మొదటి స్థానం. మొదటి స్థానం వస్తే సాధారణంగా మనం ఫ్లెక్సీ కడతాం. దీనికి కట్టలేదు. అక్కడి వార్త రాయాల్సి వస్తే "ఉపాధ్యాయులు పాల్గొన్నారు" అని బహువచనమే రాయండి. తెలుగులో ఆ సౌకర్యం ఉంది, చదివేవాళ్లు గౌరవం అనుకుంటారు.

వాట్సాప్ గ్రూపు గురించి ఎక్కువ చెప్పను, మీకే అర్థమవుతుంది. "మోస్ట్ అర్జెంట్" అని వచ్చినది రేపటికి, "వెరీ మోస్ట్ అర్జెంట్" అని వచ్చినది సాయంత్రానికి, ఏమీ లేకుండా ఉత్త లింకు వచ్చిందంటే నిన్నటికి. వాన సెలవు మాత్రం తెల్లారి ఎనిమిదిన్నర దాటాక వస్తుంది. ఆటోలో తడిసి వచ్చిన పిల్లల్ని మళ్లీ తడిపి పంపి, "విద్యార్థుల క్షేమం దృష్ట్యా సెలవు" అని పంపండి.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా తల్లిదండ్రుల సమావేశం జరిగింది. బడి ఆవరణలో తల్లులకు ముగ్గులు, తండ్రులకు తాడు లాగే పోటీ. మంచి ఏర్పాటు, వెక్కిరించడం లేదు. తల్లిదండ్రులు బడి గడప తొక్కడమే మా వైపు పెద్ద సంగతి. కానీ పంట కోతలు మొదలయ్యాక మా మండలంలో సగం ఇళ్లకు తాళాలు ఉంటాయి. సుగ్గికి పోతారు. పత్తికి కొందరు, సంక్రాంతి దాటితే మిరప కోతలకు గుంటూరు వైపు ఇంకొందరు, పిల్లాజెల్లాతో సహా. ఆ రోజు తాడుకు ఒక కొసన తండ్రులు చాలలేదు. తాతలు పట్టారు. అయినా సరిపోక పీఈటీ సారు, నేను పట్టుకున్నాం. ఓడిపోయాం. "తల్లిదండ్రులు ఉత్సాహంగా పాల్గొన్నారు" అని రాశాను. నా నడుము నెల రోజులు ఉత్సాహంగానే ఉంది.

ఇక చివరిది. చేయకూడనిది ఒకటి చెప్పాలి కదా, నేను చేసిందే చెబుతాను.

మా ఏడో తరగతి పిల్లవాడొకడు ఆ సంక్రాంతి తర్వాత అమ్మానాన్నలతో మిరప కోతలకు పోయాడు. వెళ్లినవాళ్లు పరీక్షలకు తిరిగి రావడం అరుదు. వీడు ఏప్రిల్‌లో పరీక్ష ముందురోజు పొద్దున ఒక్కడే వచ్చాడు. రైలెక్కి ఆదోనిలో దిగి, ఎవరిదో బండి పట్టుకుని, సంచీతో నేరుగా బడికే. అమ్మానాన్నలు ఇంకా అక్కడే ఉన్నారు. నేను ఎవరి పేరూ పెట్టకుండా, ఘనంగా అనకుండా, ఈ సంగతే ఐదు వాక్యాల్లో రాసి పంపాను. "వచ్చాడు" అనే రాశాను, "విచ్చేశాడు" అనలేదు.

సాయంత్రం విలేకరి ఫోన్ చేశాడు. మా బడిలో చదివినవాడే.

"సార్, దీంట్లో ముఖ్య అతిథి ఎవరు సార్?"

"వాడే."

"పాల్గొన్నది?"

"వాడే అప్పా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఫొటోలో చేతులు ఎనక్కి పెట్టుకున్నాడు సార్. ముందుకు పెట్టించి, ఏదన్నా పట్టించి ఇంకోటి తీసి పంపండి, చూస్తా" అన్నాడు.

మర్నాడు పరీక్ష అయ్యాక తీశాను. నోటుపుస్తకం ఇస్తే వేళ్లతో పట్టుకోలేదు. మిరప కోసిన చేతులు, ఇంకా మంట తగ్గలేదట. మణికట్టులతో గుండెకు అదుముకుని నిలబడ్డాడు. పరీక్ష మూడు పేజీలు ఎలా రాశాడో అడగలేదు. ఫొటో బాగానే వచ్చింది. మూడోరోజు పేజీలో ఆ జాగాలో చలివేంద్రం ప్రారంభోత్సవం వచ్చింది, తదితరులతో సహా.

మీకూ ఇలాంటి వాడొకడు తగులుతాడు. నోటుపుస్తకం ఇవ్వకండి, చిన్నది, వేళ్లు కనపడతాయి. గోడకున్న భారతదేశం పటం దించి పట్టించండి.