గొట్టం విప్పిన వారసత్వం

మామూలు కారు ఒంట్లో పెద్ద ఇంజన్ బిగించి, 1960ల అమెరికా ‘మజిల్ కారు’ అని పేరుపెట్టుకున్న కండబలపు బండిని ఇంటి షెడ్డులోనే విప్పి మార్చుకోవడం అక్కడివారి వ్యసనమైతే, అంత షెడ్డూ అంత పెట్రోలూ అందుబాటులో లేని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఆ వ్యసనం 98 సీసీల యమహా ఆర్ఎక్స్ 100 మీద పడింది. ఎస్కార్ట్స్ సంస్థ 1985 నుంచి 1996 వరకు తయారుచేసిన ఈ 11 అశ్వశక్తుల బండి, దాని పేరే పెట్టుకున్న తెలుగు సినిమా 2018లో విడుదలైన తరువాత వాహనస్థాయిని దాటి దైవస్థాయికి చేరింది. దైవానికి భక్తులు ఇంటి అరుగు మీద, పానాలతో గ్రైండర్లతో చేసే అర్చనను రీస్టోరేషన్ అంటారు.

ఈ అర్చనావిధానంలో మొదట కంపెనీ హ్యాండిల్ పోతుంది, తరువాత పుల్లల చక్రాలు పోయి అల్లాయ్ చక్రాలు వస్తాయి, డ్రమ్ము బ్రేకు స్థానంలో వేరే బండి డిస్కు బ్రేకు చేరుతుంది, ట్యాంకు మీద ఫ్యాక్టరీ కలలో కూడా ఊహించని రంగు పడుతుంది. చివరకు 1996కు పూర్వపుదిగా మిగిలేది ఛాసిస్ నంబరొక్కటే అయినా, కొనడానికి వచ్చినవారితో యజమాని చెప్పే మొదటి మాట మాత్రం ‘అంతా ఒరిజినల్’.

అయితే ఈ శాస్త్రపు అసలు ప్రతిభ సైలెన్సర్ దగ్గర బయటపడుతుంది. ఈ బండికున్న టూ-స్ట్రోక్ ఇంజన్‌లో, ఫోర్-స్ట్రోక్‌లో వలె తెరుచుకుని మూసుకునే వాల్వులు ఉండవు. సిలిండర్ గోడకున్న పోర్టులు అనే రంధ్రాలను పిస్టనే పైకీ కిందికీ కదులుతూ తెరిచి మూస్తుంది గనుక, పొగతో పాటు కొంత కాలని పెట్రోలు మిశ్రమం కూడా బయటికి జారిపోతుంది. పొట్ట ఉబ్బి కొస సన్నబడిన పొగగొట్టం, ఇంజన్ పంపిన పీడనపు అలను తిప్పికొట్టి, ఆ జారిన మిశ్రమాన్ని రంధ్రం మూసుకునే లోపల మళ్ళీ సిలిండర్‌లోకి నెడుతుంది; అంటే అది చప్పుడును దాచే డబ్బా మాత్రమే కాదు, ఇంజన్‌లో ఒక భాగం. దాని లోపలి గొట్టాన్ని పీకి, పొట్టను కోసి, బలం పెంచామని చాటుకునే పండితులు నిజానికి ఇంజనీర్లు లెక్కగట్టి పెట్టిన బలాన్ని మోరీలో పారబోస్తున్నారు. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టేనన్నది వీరి మూలసూత్రం. అదే నిజమైతే మిర్యాలగూడ రైస్ మిల్లులు ఎప్పుడో హైదరాబాదు చేరి ఉండవలసింది.

ఇక పోర్టింగ్, అనగా ఆ రంధ్రాలను గ్రైండర్‌తో అరగదీసి పెద్దవి చేయడం, చేతనైనవారు కొలిచి చేస్తే అధిక వేగంలో బలం పెంచగలదు గాని, దానికి మూల్యంగా తక్కువ వేగంలో లాగే శక్తిని మింగేస్తుంది. పందేలకు తగిన ఆ గుణాన్ని, సూర్యాపేట బజారులో రెండో గేరు దాటని బండికి కంటి అందాజాతో ప్రసాదించడం వింత దాతృత్వమే. వేగాన్ని బట్టి ఆయిల్‌ను తానే కొలిచి పోసే ఆటోల్యూబ్ పంపును కూడా తీసేసి, పెట్రోలులో ఉజ్జాయింపుగా ఆయిల్ కలిపేవారు, సీజైన పిస్టన్‌ను చూసి ‘పాత బండి కదా’ అని నిట్టూరుస్తారు. బోరు కొలిచి, సరైన ఓవర్‌సైజు పిస్టన్ వేసి, క్రాంక్ సీళ్ళు మార్చి ఊరుకునే ముసలి మెకానిక్కులు ఈ పట్టణాలలో లేకపోలేదు. వారి పని ఫోటోలో కనబడదు గనుక వారికి భక్తులు తక్కువ.

తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుండగా, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే మళ్ళీ స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన సవరణ అక్రమంగా చేసిన ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానాను, లేదా 6 నెలల వరకు జైలును, లేదా రెండింటినీ విధించవచ్చునన్నది. ‘ఒక్కొక్క మార్పుకు’ అన్న లెక్కన కూడితే, కొన్ని బండ్ల జరిమానా వాటి వెలతో పోటీపడుతుంది.

నిజంగా వారసత్వాన్ని కాపాడాలనుకునేవారికి 2021 జులైలో కేంద్రమే దారి చూపింది: తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పులేవీ చేయక అసలు రూపంలో నిలిచిన బండ్లకు వింటేజ్ గుర్తింపు, ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు లభిస్తాయి. తొలి ఆర్ఎక్స్ 100లకు ఆ వయసు 2035లో వస్తుంది. అయితే అప్పుడు దరఖాస్తు పెట్టే అర్హత, జీవితమంతా దాన్ని పునరుద్ధరించిన భక్తులకు కాక, వడ్ల బస్తాల వెనుక పెట్టి మరచిపోయినవారికే దక్కుతుంది.