తాటిచెట్టుకు టిక్కెట్టు

సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి. నెల్లూరు జిల్లా మైపాడుకు దగ్గర్లోనే మా ఊరు. ఇంటి ముందు తాటిచెట్లు, పక్కన ఈతచెట్లు, అవి దాటితే సర్వి తోపులు, తోపులు దాటితే సముద్రం. అట్టాంటివాణ్ణి డెబ్బై అయిదేళ్ళ వయసులో మోకాళ్ళకు పట్టీలు కట్టుకొని, విమానమెక్కి వియన్నా పోయి, అద్దాల మేడలో పెంచుతున్న తాటిజాతి చెట్లను టిక్కెట్టు కొని చూసొచ్చాను. ఈ మాట రచ్చబండ దగ్గర చెప్పినందుకు మా ఊళ్ళో రెండు రోజులు నవ్వుకున్నారు.

నిజమే చెబుతున్నా. వియన్నాలో షోన్‌బ్రున్ అని చక్రవర్తుల వేసవి విడిది ఉంది. 1441 గదులట. అన్ని గదులున్న ఇంట్లో ముసలాయన కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోతే ఏం గతి? ఆ తోటలోనే 1882లో కట్టిన గాజుమేడ, 113 మీటర్ల పొడవున ఉంది. వేడిదేశాల చెట్లు చలికి చచ్చిపోకుండా అందులో పెట్టి, వెచ్చబెట్టి సాకుతున్నారు. "ఎట్టుంది మామా?" అనడిగింది కోడలు. "బాగుందమ్మా, ముంజలు కొట్టిచ్చేవాడే తక్కువ" అన్నా.

ఆ తోటలోనే జంతుప్రదర్శనశాల. 1752 నుంచీ నడుస్తోంది, ప్రపంచంలో ఈనాటికీ నడుస్తున్నవాటిల్లో ఇదే పాతది. అక్కడ గులాబిరంగు ఫ్లెమింగోలు ఒక కాలు పైకి మడిచి నిలబడి ఉంటే జనం ఎగబడి ఫోటోలు తీసుకుంటున్నారు. మా పులికాట్ సరస్సుకు చలికాలంలో అవి వేలల్లో దిగుతాయి, గేటు లేదు, టిక్కెట్టు లేదు. 2022లో జిల్లాలు చీల్చి, ఆ సరస్సు పక్కనున్న సూళ్ళూరుపేటను తిరుపతిలో కలిపేశారు గానీ, నా లెక్కలో ఆ పక్షులు ఇప్పటికీ నెల్లూరువే.

అసలీ ప్రయాణం ఎందుకొచ్చిందంటే, 2024కి మాకు పెళ్ళై యాభై ఏళ్ళు నిండాయి. కొడుకు ఆ దేశంలో ఉద్యోగం. "నాయనా, పెళ్ళయ్యాక మీరిద్దరూ ఎక్కడికీ పోయింది లేదు కదా, ఇప్పుడన్నా రండి" అన్నాడు ఫోన్లో. నాకు ఒళ్ళు మండింది. "ఎవడ్రా చెప్పింది పోలేదని? మద్రాసు పోలా?" అన్నా.

మా రోజుల్లో నెల్లూరోళ్ళకు మద్రాసే లండను, మద్రాసే పారిస్. 1974లో బిట్రగుంట పాసింజర్ ఎక్కి పొయ్యాం. గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ, గుమ్మిడిపూండి... ప్రతి స్టేషన్లోనూ ఆగి, ఊరందర్నీ పలకరించి కదిలేది బండి. సద్ది మూటలో పులిహోర, పెరుగన్నం, మాగాయ. మా తాత మాత్రం మేం రైలెక్కడం చూసి పెదవి విరిచాడు. ఆయన కాలంలో బకింగ్‌హాం కాలవలో పడవ మీద బియ్యమూ సర్వి కట్టెలూ వేసుకొని మద్రాసు పొయ్యేవాళ్ళు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద తాడు పట్టి లాగడం. "రైల్లో పోతే మద్రాసు వస్తదిరా, దోవ రాదు" అనేవాడు. అప్పుడు ముసలాడి చాదస్తం అనుకున్నా. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చున్నా.

సెంట్రల్లో దిగి తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వచ్చేది. చాకలిపేటలో చుట్టాలింట్లో దిగాం. వస్తున్నామని ఉత్తరం కూడా రాయలేదు. ఇంటావిడ మమ్మల్ని చూసి పొయ్యి మీద ఇంకో గిద్దెడు బియ్యం వేసింది, అంతే. మూడు రోజులున్నాం. మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జూని బతికిన కాలేజీ అనీ అనేవాళ్ళు మద్రాసులో. ఒకటి 1851లో పెట్టింది, ఇంకోటి 1855లో. రెండు కాలేజీలూ పాసయ్యాం. మౌంట్ రోడ్డులో ఎల్లైసీ పద్నాలుగు అంతస్తులూ మెడ నొప్పి పుట్టేదాకా లెక్కబెట్టా. జెమినీ దగ్గర 1973లో కట్టిన వంతెన ఇంకా కొత్తగా మెరుస్తోంది. కింద ఏరు లేకుండా వంతెన కట్టడమేందని మా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. టి.నగర్లో ఎన్టీ రామారావు ఇంటి ముందు తిరుపతి నుంచి వచ్చిన యాత్రికుల బస్సులు ఆగి ఉన్నాయి. వెంకన్న దర్శనం తర్వాత ఈయన దర్శనం. మూర్ మార్కెట్లో బేరమాడి ఒక గడియారం కొన్నా. 1985లో ఆ మార్కెట్టు తగలబడిపోయింది. గడియారం అంతకు ముందే పోయింది.

అన్నిటికన్నా గొప్ప సంగతి బ్లూ డైమండ్. సఫైర్ థియేటర్ పక్కనే చిన్న హాలు. అందులో పొద్దున్నించి రాత్రి దాకా సినిమా ఆగకుండా తిరుగుతూనే ఉండేది. ఎప్పుడన్నా పోవచ్చు, ఎంతసేపన్నా కూర్చోవచ్చు. మేం పొయ్యేసరికి సగం అయిపోయింది. రెండో సగం ముందు చూసి, మొదటి సగం తర్వాత చూసి, చల్లటి గాలికి ఒక కునుకు కూడా తీసి బయటికొచ్చాం. ఇంగ్లీషు సినిమా. ఎట్నించి చూసినా మాకు తేడా ఏముంది?

ఇక ఇప్పటి భాగోతం వినండి. వియన్నాలో ఒక మ్యూజియం, పేరెందుకులే. మా టిక్కెట్టు పది గంటలా నలభై నిమిషాలకు. ట్రాము దిగి, మా ఆవిడ మోకాళ్ళూ నా మోకాళ్ళూ రాజీపడి అక్కడికి చేరేసరికి పదకొండయింది. గేటు దగ్గర మిషన్ ఎర్రదీపం వెలిగించి కుయ్యిమంది. మళ్ళీ టిక్కెట్టు కొనాల. ముహూర్తం చూసి పెళ్ళి చేస్తాం, గృహప్రవేశం చేస్తాం, బొమ్మలు చూడ్డానికి కూడా ముహూర్తమా? లోపల అందరి చెవుల్లోనూ మాట్లాడే యంత్రాలు. ఎవరికి వారు తలాడించుకుంటూ తిరుగుతుంటే గుళ్ళో పూనకం వచ్చినవాళ్ళ మాదిరి ఉంది. దోవ అడగడానికి మనిషి అక్కర్లేదు, కొడుకు చేతిలో ఫోను చెబుతుంది. మా రోజుల్లో దోవ అడిగితే అయిదు నిమిషాలు ఊరు సంగతులు చెప్పి, మన ఊరు కనుక్కొని, ఆ ఊళ్ళో వాళ్ళ బంధువుల పేర్లు చెప్పి, ఆఖర్న దోవ తప్పుగా చెప్పేవాళ్ళు. ఆ సుఖం ఫోనుకేం తెలుసు?

ఒక్కటి మాత్రం నాకు నచ్చింది. 1869లో తెరిచిన పెద్ద ఆపెరా హౌసులో ఇప్పటికీ నిలబడి చూసే చవక టిక్కెట్టు ఉంది. మన నేల టిక్కెట్టుకు అన్న అనుకోండి. ముందుగా వచ్చినవాళ్ళు కమ్మీకి మెడగుడ్డ చుట్టి ఇది నా చోటు అని గుర్తు పెట్టుకునేవాళ్ళట. ఆత్మకూరు బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకునే విద్య అక్కడి దొరలకు ఎవరు నేర్పారో!

తిండి దగ్గరికొద్దాం. వాళ్ళ ఊరి పేరుతో ష్నిట్జెల్ అని ఒక వంటకం. మాంసాన్ని పల్చగా సాగగొట్టి, రొట్టెపొడి అద్ది వేయించి, పక్కన ఉర్లగడ్డ పెడతారు. అసలైనది దూడమాంసంతోనే చేస్తారు. అది మనకు పనికిరాదని కోడలు కోడిమాంసంది తెప్పించింది. ఉప్పుంది, నిమ్మబద్ద ఉంది, కారం లేదు. మా ఆవిడ సంచిలోంచి కందిపొడి తీసి చల్లింది, అప్పుడు గొంతు దిగింది. కానీ ఒక విషయంలో వాళ్ళకు దణ్ణం పెట్టాల. దూడమాంసం కాకుండా వేరేదానితో చేస్తే ఆ పేరు ఊరికే పెట్టకూడదట, ఏ మాంసమో రాయాల్సిందేనట. చట్టం. మరి మనకో? హైదరాబాదులో సందుకొక బోర్డు, నెల్లూరు చేపల పులుసు అని. మామిడికాయ ముక్క ఉండదు, మట్టిదాక ఉండదు, పొయ్యి మీద నుంచి దించీ దించగానే గిన్నెలో పోసి తెస్తాడు. పులుసు రాత్రంతా నిలవాల, ముక్కకు పులుపు పట్టాల, తెల్లారి తినాల. అదీ కట్టుబాటు. దానికి చట్టం చేసేవాడు ఏడీ?

ఆపిల్ పండ్లు చుట్టి కాల్చే స్ట్రూడెల్ పిండిని, వెనక పేపరు పెడితే చదువుకోగలిగేంత పల్చగా సాగదీస్తారట. ఆత్రేయపురం పూతరేకుకు దూరపు చుట్టం. ఇంకోటి కైజర్‌ష్మారన్. అంటే చక్రవర్తి గారి అట్టు. పెనం మీదే ముక్కలు ముక్కలుగా చింపి, చక్కెర చల్లి పెడతారు. పెళ్ళైన కొత్తలో ఈమె అట్టు చింపి పెడితే నేను పళ్ళెం పక్కకు తోసిన రోజులున్నాయి. అక్కడ అదే చినిగిన అట్టుకు చక్రవర్తి పేరు, పక్కన ఉడికించిన పండ్లు, చేంతాడంత బిల్లు.

వాళ్ళ కాఫీ హోటళ్ళు నూరేళ్ళ పైబడినవి చాలా ఉన్నాయి. 1683లో తురకసేనలు ఊరిని ముట్టడించి, ఓడి పోతూ వదిలేసిన మూటల్లో కాఫీగింజలు దొరికాయని కథ చెబుతారు. ఒక్క కాఫీ చెప్పి పూటంతా కూర్చోవచ్చు. చెక్కకమ్మీకి తగిలించిన పేపర్లు చదువుకోవచ్చు, లెమ్మనేవాడు లేడు. మన హోటళ్ళలో అయితే గోడ మీద బోర్డు: ఎక్కువసేపు కూర్చోరాదు, రాజకీయాలు మాట్లాడరాదు. ఇంకెందుకు పోవడం? అయితే వడ్డించే నల్లకోటు అబ్బాయికి వరస తెలియదు. వెండి పళ్ళెంలో కాఫీ, పక్కన గ్లాసు నీళ్ళు తెచ్చి ముందు ఆమె ముందర పెట్టి, తర్వాత నాకిచ్చాడు. పెద్దవాణ్ణి నేను ఎదురుగా కూర్చోని ఉంటే!

ఆ నీళ్ళ సంగతీ చెప్పాల. 1873 నుంచీ ఆల్ప్స్ కొండల్లోని ఊటనీళ్ళు గొట్టాల్లో ఆ ఊరికి వస్తున్నాయి. కొళాయి తిప్పి తాగడమే. మనం పెన్న పక్కన కాపురముంటూ ఇరవై లీటర్ల క్యాను కొంటున్నాం. ఊరి నడుమ డాన్యూబ్ కాలవ ఉంది. సాయంత్రమైతే కుర్రకారు గట్ల మీద కాళ్ళు చాపుకొని కూర్చుంటారు, పడవలు తిరుగుతుంటాయి. మన కాలవ ఏమైంది? 1877-78 కరువులో మద్రాసు దగ్గర ఒక ముక్క కూలికి తవ్వించి, కాలవంతటికీ గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు పెట్టారు. తుపాన్లు కొంత పూడ్చాయి, మనం కొంత పూడ్చాం. మా తాత పడవ పోయిన చోట ఇప్పుడు గుర్రపుడెక్క, రొయ్యలగుంటల మురుగు. ఆ గుంటల్లో రెండు నాకూ ఉండేవి. ఆ మాట పైకి అనకుండా డాన్యూబ్ కాలవ గట్టు మీద బల్ల చూసుకొని కూర్చున్నాను.

ఆమె కూడా వచ్చి పక్కన కూర్చుంది. "ఇదంతా ఏం లేదే, మన మద్రాసు ముందు ఇదెంత" అని నేను మళ్ళీ మొదలుబెట్టా.

"ఏందయ్యా, వచ్చినప్పటినించీ మద్రాసు, మద్రాసు. ఆ మద్రాసులో నేనేం చూశానో ఎప్పుడన్నా అడిగావా?" అంది.

"అన్నీ చూశావు కదే."

"నీ వీపు చూశా. మూడు రోజులూ నువ్వు ముందు, సద్దిసంచితో నేను వెనక. నువ్వు తలెత్తి పద్నాలుగు అంతస్తులు లెక్కబెడతా ఉంటే, జనంలో నువ్వు తప్పిపోతే నా గతేందని నేను నీ చొక్కా మీదినించి కళ్ళు తిప్పలా. నీలం గళ్ళ చొక్కా. కాలరు కింద అడ్డంగా తొమ్మిది గళ్ళు. ఆ చల్లటి హాల్లో నువ్వు నిద్రపోయావు, నేను మేలుకొని సంచి కాపలా కాశా."

నాకు మాట రాలేదు. ఆమే అంది: "పొద్దున ఆ నల్లకోటు పిల్లోడు చూడు, కాఫీ ముందు నాకు పెట్టాడు. యాభై ఏళ్ళలో నాకు ముందు పెట్టిన మనిషి వాడొక్కడే." ఆ తర్వాత కాలవలో పోయే పడవను చూస్తూ గమ్మున ఉండిపోయింది. ఆమె చూపు నా మీద లేకపోవడం నాకు కొత్త.

అయినా ఇదంతా ఆ దేశం నీళ్ళ మహిమ అనీ, ఊరికొస్తే సర్దుకుంటుందనీ అనుకున్నా. సర్దుకోలేదు. వచ్చిన మర్నాడు కొరమీను తెచ్చా, రాత్రి పులుసు కాచింది, తెల్లారి దాక తెచ్చి మధ్యలో పెట్టింది. నాకు వడ్డిస్తుందని చూస్తున్నా. ఆమె ఎదురుగా పీట వేసుకొని కూర్చొని, తన పళ్ళెంలో అన్నం పెట్టుకొని, తలకాయ ముక్క తీసి వేసుకుంది. తలకాయ! యాభై ఏళ్ళుగా అది నాది.

అప్పటినుంచీ మా ఇంట్లో వడ్డించేవాళ్ళు లేరు. గరిటె మధ్యలో ఉంటుంది. పులుసు నేనే పోసుకుంటున్నా, పంచె మీద ఒలికితే నేనే తుడుచుకుంటున్నా. మా రోజుల్లో ఇట్టా ఉండేదా చెప్పండి?