గీజర్‌ను పాడుచేసే సలహాలు

చలి మొదలైందంటే పెద్దపల్లిలో గీజర్ గురించి సలహా చెప్పని మనిషి ఉండడు. కరెంటు సామాన్ల దుకాణంలో ఒకటి చెప్తారు, ప్లంబర్ ఇంకోటి చెప్తాడు, పక్కింటాయన తన ఇంట్లో ఏం చేశాడో అదే చెయ్యమంటాడు. వాటిలో చాలామటుకు తప్పు. కొన్నింటితో డబ్బు దండగ, కొన్నింటితో గీజరే పోతుంది, ఒకట్రెండు ప్రాణాల మీదికి తెస్తాయి. అందుకని మంచి సలహాల కంటే ముందు చెడ్డవాటినే పట్టుకుందాం.

ముందుగా మన నీళ్ల సంగతి. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ వెలిసింది అక్కడి నేలలో సున్నపురాయి ఉండబట్టే. బోరు నీళ్లు ఉప్పగా ఉండటానికి మీ ఇల్లు గని పక్కనే ఉండనక్కర్లేదు. రాతి పొరల మధ్య ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు కాల్షియం, మెగ్నీషియంలను కరిగించుకునే పైకి వస్తాయి. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంతకూ మెత్తబడదు, నల్లా మూతి చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. ఈ మూడూ ఉన్న ఇంట్లో పరీక్ష చేయించకముందే సంగతి తెలిసినట్టే. తాగే నీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేనిచోట 600 దాకా సర్దుకోవచ్చు. అది మనిషి తాగడానికి వేసిన లెక్క. గీజర్‌కు 200 కూడా ఎక్కువే.

ఎంత ఎక్కువో చూడండి. కాఠిన్యం 400 ఉన్న నీళ్లను రోజుకు 50 లీటర్లు కాస్తే, వాటితో పాటు 20 గ్రాముల ఖనిజం గీజర్‌లోకి వెళ్తుంది. నాలుగు నెలల చలికాలానికి అది 2,400 గ్రాములు. అందులో పదో వంతు లోపల నిలిచినా పావుకిలో సున్నం.

ఇప్పుడు మొదటి సలహా: "ఫుల్ మీద పెట్టు, ఆ వేడికి సున్నం కరిగిపోతది." ఇంతకంటే తలకిందుల మాట లేదు. ఉప్పు, చక్కెర వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతాయి గనక సున్నమూ అంతేననుకుంటాం. కానీ నీళ్లలో కాల్షియం బైకార్బనేట్‌గా కరిగి ఉంటుంది. వేడి తగలగానే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి, మిగిలింది కరగని కాల్షియం కార్బనేట్‌గా మారుతుంది. అన్నిటికంటే ఎక్కువ వేడిగా ఉండేది కాయిల్ కాబట్టి దాని మీదే ముందు పట్టుకుంటుంది. 60 డిగ్రీలు దాటాక ఈ పని మరీ జోరుగా సాగుతుంది. పొర కట్టిన కాయిల్ వేడి నీళ్లలోకి సరిగా పోదు, కాయిలే మాడిపోతుంది. థర్మోస్టాట్‌ను 55 దగ్గర పెట్టండి. 75కు కాచి, బకెట్‌లో సగం చన్నీళ్లు కలుపుకోవడంలో ఏ లాభమూ లేదు. గోరువెచ్చని నీళ్లను రోజుల తరబడి లోపల నిల్వ మాత్రం ఉంచొద్దు, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

రెండోది: "యాసిడ్ పోస్తే సాఫ్ అయితది." బాత్‌రూం కడిగే యాసిడ్ సున్నాన్ని కరిగిస్తుంది, నిజమే. అక్కడితో ఆగదు. ట్యాంకు లోపలి పూతలో సన్నని పగులు కనిపిస్తే చాలు, దాని కింది ఉక్కును కూడా తింటుంది. కొందరు యాసిడ్ తర్వాత బ్లీచింగ్ పౌడర్ వేసి కడగమంటారు. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్‌రూంలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఈ సలహా ఇచ్చేవాళ్లను అక్కడికక్కడే ఆపండి.

సున్నం తీయడానికి కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. మెయిన్ ఆఫ్ చేసి, నీళ్లు చల్లారాక ఖాళీ చేయించి, కాయిల్‌ను విప్పించండి. లీటరు నీళ్లకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, వైర్లు బిగించే కొస తడవకుండా కాయిల్‌ను అందులో ముంచండి. బుసబుసమని బుడగలు వస్తాయి. అవి ఆగాక మెత్తటి బ్రష్‌తో రుద్ది కడిగేయండి. కత్తితో గీకొద్దు. గీతపడ్డ తొడుగు తర్వాత అక్కడే పగులుతుంది. ఇది ఏడాదికోసారి, చలికాలానికి ముందు చేయించాలి. ట్యాంకు అడుగున చేరిన పెచ్చులు కూడా అప్పుడే పోతాయి.

నీళ్లలో పటిక తిప్పమనే సలహా పెద్దవాళ్లది. పటిక బురదను అడుగుకు దింపుతుంది, కాల్షియాన్ని ముట్టుకోదు. పైపు చుట్టూ బిగించే అయస్కాంతాల మీద నమ్మదగిన రుజువు లేదు. కొనొద్దు.

ఇంటింటికీ తిరిగి ఫిల్టర్లు అమ్మేవాళ్లు చేసే గారడీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. రెండు గ్లాసులు పెడతారు. ఒకదాంట్లో మీ బోరు నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల ఫిల్టర్ నీళ్లు. రెండింట్లో లోహపు పుల్లలు ముంచి కరెంటు పెడతారు. మీ నీళ్లు ఎర్రగా, చిక్కగా మారిపోతాయి, ఇంట్లోవాళ్లు హడలిపోతారు. ఆ ఎరుపు మీ నీళ్లలోది కాదు, కరెంటుకు కరిగిన ఇనుప పుల్ల తుప్పు. లవణాలున్న నీళ్లలోంచి కరెంటు పోతుంది, లవణాలు తీసేసిన నీళ్లలోంచి పోదు, అందుకే రెండోది తేటగా ఉంటుంది. మంచి గోదావరి నీళ్లు పెట్టినా ఎర్రబడతాయి. చేతిలో టీడీఎస్ మీటరు పట్టుకుని మాట్లాడేవాళ్లూ అంతే. టీడీఎస్ అంటే కరిగిన లవణాలన్నిటి లెక్క, అందులో కాఠిన్యం ఎంతో అది చెప్పదు. సాఫ్టెనర్ కాల్షియాన్ని తీసి దాని చోట సోడియంను పెడుతుంది కాబట్టి, కాఠిన్యం పోయినా మీటరులో అంకె దాదాపు అక్కడే ఉంటుంది. సాఫ్టెనర్ మంచి పరికరమే, కానీ దానికి ఎప్పటికప్పుడు ఉప్పు వేసి కడుగుతూ ఉండాలి. ఆ ఓపిక లేని ఇంట్లో అది అలంకారమే. గీజర్ ముందు బిగించే ఫాస్ఫేట్ గుళ్ల ఫిల్టర్ సున్నాన్ని తీయదు, అతుక్కోకుండా కొంతవరకు ఆపుతుంది. గుళ్లు కరిగాక మళ్లీ నింపకపోతే వట్టి డబ్బా.

"చిన్న ఇన్‌స్టంట్ గీజర్ పెట్టుకో, ఉప్పు నీళ్లు దాన్నేం చెయ్యవు" అన్నది ఇంకోటి. మూడు లీటర్ల ట్యాంకులో మూడు కిలోవాట్ల కాయిల్ ఉంటుంది. కొద్ది నీళ్లలో అంత వేడి పుడితే సున్నం ఇంకా తొందరగా పడుతుంది.

అన్నిటికంటే భయపెట్టే సలహా చివర్న వస్తుంది: "ఆ వాల్వ్ కారుతుంది, బిరడా పెట్టిచ్చుకో." నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి. 15 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60కి చేరేసరికి పావు లీటరుకు కాస్త తక్కువ పెరుగుతాయి, అంటే ఒక గ్లాసు. ఆ గ్లాసెడు బయటికి పోయే దారి సేఫ్టీ వాల్వే. కాగుతున్నప్పుడు చుక్కలు పడుతున్నాయంటే అది తన పని చేస్తోందని అర్థం. స్విచ్ ఆపినా రోజంతా కారుతుంటే దాని నోట్లో సున్నం పెచ్చు ఇరుక్కుని ఉంటుంది, లేదా పైనుంచి వచ్చే ఒత్తిడి ఎక్కువై ఉంటుంది. ఒత్తిడి ఎక్కువైతే దాన్ని తగ్గించే ఏర్పాటు చేయించండి, పెచ్చు ఇరుక్కుంటే కొత్త వాల్వ్ వేయించండి. మూసేస్తే మాత్రం, ఏదో ఒకరోజు థర్మోస్టాట్ కూడా పనిచేయకపోతే, నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగలేక ఒత్తిడిలో బిగుసుకుని ఉంటాయి. ట్యాంకు చీలిన క్షణంలో అవి ఒక్కసారిగా ఆవిరవుతాయి. గీజర్లు పేలేది ఇలాగే.

కాయిల్ పోతే కాయిల్ మార్చి వెళ్లిపోయే మిస్త్రీని ఇంకో రెండు పనులు అడగండి. ట్యాంకులో మెగ్నీషియం రాడ్ ఒకటి ఉంటుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా అది కరిగిపోతుంది. ఉప్పెక్కువ నీళ్లలో ఇంకా తొందరగా కరుగుతుంది. సగం పైగా అరిగితే మార్పించాలి. రెండోది ఎర్తింగ్. సున్నంతో మాడి పగిలిన కాయిల్ నుంచి కరెంటు నీళ్లలోకి దిగుతుంది. ఎర్తింగ్, కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో తడి ఒంటితో ఉన్న మనిషికి వేరే రక్ష ఉండదు.

ఇంత చెప్పినా, అసలు ఉపాయం లోపలికి ఏ నీళ్లు పంపుతున్నామన్నదే. 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ మన జిల్లాలోనే ఉంది. అక్కడి బాయిలర్లలోకి లవణాలన్నీ తీసేసిన నీళ్లే వెళ్తాయి, ఎందుకంటే సున్నం పట్టాక కడుక్కోవడం కంటే రానివ్వకపోవడమే చవక. ఆ యంత్రాంగం మన ఇళ్లలో కుదరదు గానీ, 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా ఉంది. శుద్ధి చేసిన నది నీళ్లలో సున్నం మామూలుగా బోరు నీళ్లలో కంటే చాలా తక్కువ. ఆ నీళ్లు బిందెలకు పట్టి, మిద్దె మీది ట్యాంకుకు బోరు నీళ్లు ఎక్కించే ఇళ్లే ఎక్కువ. నల్లా నీళ్లు సంపులో పట్టి, మిద్దె మీద గీజర్‌కు విడిగా ఒక చిన్న ట్యాంకు పెట్టించుకోండి. బోరు పైపు దాంతో కలవకూడదు. నల్లాకు నేరుగా మోటారు బిగించొద్దు, వీధిలో మిగతావాళ్లకు నీళ్లందవు.

మీ గీజర్ వాల్వ్‌కు ఎవరైనా బిరడా బిగించి ఉంటే ఈరోజే తీయించండి. అప్పటిదాకా స్విచ్ వెయ్యొద్దు.